దీపాల కోడలు

అగ్నికొండ మళ్ళీ పొగ చిమ్మింది. తెల్లారేసరికి అరటాకుల మీద, రేకుల మీద, దండెం మీది బట్టల మీద సన్నని బూడిద పరుచుకుని ఉంది. హిల్డా వరండా ఊడ్చుకుని, ఎండిన మొగలి ఆకుల కట్ట ముందు పెట్టుకుని చాప అల్లడానికి కూర్చుంది. అంబాయి దీవిలో ఆమె అల్లిన చాప లేకుండా పెద్దింటి పెళ్ళి జరగదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

కోడలు లేవియా భుజాన పనిముట్ల సంచితో బయటికొచ్చింది. వెనకాలే అయిదేళ్ళ జసింత, తల్లి లంగా పట్టుకుని.

"ఇవాళ ఎవరి కప్పు ఎక్కుతున్నావమ్మా?" హిల్డా తలెత్తకుండానే అడిగింది.

"ఎక్కే పని లేదత్తయ్యా. బూడిద పడిందిగా, సోలార్ పలకలు తుడవకపోతే సాయంత్రానికి దీపాలు నీరసించిపోతాయి. గీతలు పడకుండా ఎలా తుడవాలో ఇంటింటికీ చూపించి వస్తాను."

"తుడువు, ఊరందరి బూడిదా తుడువు. మన పొయ్యిలో బూడిద ఎత్తడానికి నేనున్నాగా."

"అది పొద్దున్నే ఎత్తేశానత్తయ్యా."

హిల్డా జసింతను దగ్గరికి లాక్కుని, చేతిలోని ఆకును గోటితో నిలువునా చీల్చింది.

ఊళ్ళో ప్రతి ఇంటికీ సోలార్ దీపాలు వచ్చాయి. అన్నీ లేవియా చేతితో బిగించినవే. చర్చికి వచ్చాయి, దవాఖానాకు వచ్చాయి, మగవాళ్ళు కూర్చుని కావా వేరు రసం తాగే నకమాల్‌కూ వచ్చాయి. రానిది ఒక్క హిల్డా ఇంటికే. ఆ ఇంట్లో ఇంకా కిరసనాయిలు బుడ్డి వెలుగుతోంది, గోడకు మసి పడుతోంది. వాళ్ళ వంతుకు వచ్చిన పలక అటక మీద అలాగే ఉంది. "నా ఇంటి కప్పుకు మేకు కొట్టొద్దు" అని హిల్డా ఒక్కసారే చెప్పింది. కొడుకు టారీ తల్లికి ఎదురు చెప్పలేక, పెళ్ళాం ముఖం చూడలేక, కొబ్బరి ఎండబెట్టే పాకలోనే పొద్దుపుచ్చుతున్నాడు.

ఈ చిక్కంతా కిందటేడు నకమాల్ ముందు జరిగిన ఊరి సమావేశంలో మొదలైంది. ఒకరిని విలా పట్నానికి పంపితే దీపాల పని నేర్పుతారనీ, ఆ తర్వాత ఇంటికో పలక చొప్పున ఇస్తారనీ ఊరి పెద్ద విరా చెప్పాడు. ఆర్నెల్లు ఇల్లు వదిలి ఉండాలి. మగవాళ్ళు తోటలు తలుచుకుని తలలు దించుకున్నారు, ఆడవాళ్ళు పిల్లల్ని తలుచుకున్నారు. టోంగోవా దీవి నుంచి కోడలిగా వచ్చిన లేవియా లేచి, నేను వెళ్తానంది. ఆమె ఇంటికి చేరేలోపే ఆ కబురు పక్కింటి వెవీన్ నోట హిల్డాకు చేరిపోయింది. నాలుగేళ్ళ పిల్లను చూసుకోవలసింది తనే. అయినా తనను ఎవరూ అడగలేదు. హిల్డా ఆ రోజు దుంప తురుము ఆకుల్లో చుట్టి వండిన లప్‌లప్‌ను ఆకు మడత కూడా విప్పకుండా పక్కన పెట్టేసింది.

బూడిద పడిన ఈ రోజు మధ్యాహ్నం వెవీన్ మళ్ళీ వచ్చింది. కూర్చుంటూనే గొంతు తగ్గించింది. దీపాల సామాన్ల గది తాళాలు లేవియా దగ్గర తీసుకుని, విరా మేనల్లుడు గారేకి ఇవ్వాలని ఊరి కమిటీలో అనుకున్నారట. ఆదివారం చర్చి అయ్యాక సమావేశంలో తేలుస్తారట.

"బిగించే పని అయిపోయింది కదా, ఇక చూసుకోవడమేగా, దానికి మన ఊరివాడైతే మంచిదంటున్నారు. ఆ అమ్మాయి ఎంతైనా పై దీవి పిల్ల కదా. నీ కోడలు నీకు చెప్పలేదా?"

"చెప్పింది," అంది హిల్డా. అబద్ధం ఇంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు. వెవీన్ వెళ్ళాక అల్లిక ముందుకు సాగలేదు. ఒక పేట తప్పు వేసింది. విప్పి మళ్ళీ వేస్తే అదీ తప్పే.

పొద్దు వాలుతుండగా లేవియా వచ్చింది. జుట్టంతా బూడిద. కాళ్ళు కడుక్కుని వంటపాకలోకి వెళ్ళి, కొబ్బరి తురమడానికి కూర్చుంది. హిల్డా గుమ్మంలో నిలబడింది.

"తాళాలు తీసేసుకుంటారట. ఊరంతా తెలిసిన మాట నాకు వెవీన్ చెప్పాలా?"

లేవియా చేయి ఆగింది. "చెప్తే మీరు సంతోషిస్తారేమోనని భయమేసింది."

"వాళ్ళకేం చెప్పావు?"

"ఇచ్చేస్తానత్తయ్యా. ఇచ్చేసి ఇంట్లో ఉంటాను. మీకు కావలసింది అదేగా."

"నీకు నేనెప్పుడు చెప్పాను, ఇచ్చేయమని?"

"ఇంకెలా చెప్తారు? ఊరందరి ఇళ్ళలో నా దీపం వెలుగుతోంది. నా ఇంటికొచ్చేసరికి కిరసనాయిలు పొగలో నా కూతురు దగ్గుతోంది. జనం నన్నేమీ అనరు, మన ఇంటి వైపు చూసి ఊరుకుంటారు. సొంత అత్తే నమ్మని పనిని ఊరెందుకు నమ్ముతుంది?"

హిల్డా ముఖం ఎర్రబడింది. పిల్లను వదిలి వెళ్ళిన మనిషివి నువ్వు నాకు చెప్పొచ్చావా అంది. పిల్లకు ఒళ్ళు కాలిపోతుంటే ఎవరు ఎత్తుకున్నారు, ఎవరు కొండ దిగి దవాఖానాకు మోసుకెళ్ళారు అని నిలదీసింది.

లేవియా కొబ్బరిచిప్ప కింద పెట్టి లేచింది. కళ్ళు నిండి ఉన్నాయి కానీ గొంతు స్థిరంగా ఉంది.

"నాకు తెలుసు. తిరిగొచ్చాక టారీ చెప్పాడు. ఆ రోజు నేను ఫోన్ చేశాను. పిల్ల ఎలా ఉందని అడిగాను. బాగానే ఉంది, గెంతుతోంది, నువ్వు మొదలుపెట్టిన పని పూర్తి చేసి రా అన్నారు మీరు. అప్పుడు పిల్ల మీ ఒళ్ళోనే ఉంది, జ్వరంతో. నిజం చెప్పి ఉంటే మర్నాడే పడవెక్కేదాన్ని. నా చదువు నిలబెట్టింది మీరే అత్తయ్యా. నిలబెట్టి, ఇప్పుడెందుకు నా మీద కోపం?"

వంటపాకలో పొయ్యి చిటపటలాడింది. హిల్డా గుమ్మం మీద మెల్లగా కూర్చుంది. ఈ విషయం కోడలికి తెలుసని ఆమె అనుకోలేదు.

"సగంలో వచ్చేసిందని నిన్నెవరూ అనకూడదని అలా చెప్పాను," అంది చివరికి. "నువ్వు వెళ్ళినందుకు కాదు నా కోపం. నన్ను అడగలేదు నువ్వు. ఊళ్ళో అందరూ తలలు దించుకుంటే నా కోడలు లేచి నిలబడిందని వినగానే నా గుండె ఎంత పొంగిందో తెలుసా? ఆ వెంటనే తెలిసింది, నా మాట నీకు అక్కర్లేదని. అడిగుంటే పంపేదాన్నే పిల్లా. వెళ్ళిరా అని నా నోటితో అనేదాన్ని. ఆ మాట అనే భాగ్యం కూడా నాకు లేకుండా చేశావు."

లేవియా వచ్చి ఆమె మోకాళ్ళ దగ్గర కూర్చుంది. "వద్దంటారని భయపడ్డాను. అడగాల్సింది అత్తయ్యా. తప్పు నాదే," అంది. హిల్డా కోడలి జుట్టులోని బూడిదను చేత్తో దులుపుతూ ఉండిపోయింది.

ఆదివారం చర్చి అయ్యాక అందరూ నకమాల్ ముందు చేరారు. విరా మర్యాదగానే మొదలుపెట్టాడు. లేవియా పనిని మెచ్చుకున్నాడు. ఇల్లూ పిల్లా ఉన్న మనిషి మీద ఇంకా భారం పెట్టడం న్యాయం కాదన్నాడు. లేవియా తాళాలు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి హిల్డా లేచింది. సమావేశంలో ఆమె నోరు విప్పడం ఊళ్ళో ఎవరూ ఎరగరు.

"విరా తమ్ముడూ, ఇల్లూ పిల్లా సంగతి నేను చూసుకుంటాను, దాని దిగులు నీకొద్దు. ఆ రోజు ఇక్కడే నిలబడి ఎవరు వెళ్తారని అడిగావు. మీ గారే ఉన్నాడు, నా కొడుకూ ఉన్నాడు. ఇద్దరూ నేల చూశారు. లేచింది నా కోడలు. పై దీవి పిల్ల అంటున్నారట. టోంగోవాలో పుట్టింది నిజమే, కానీ ఈ ఊరి కప్పుల్లో ఆమె ఎక్కనిది లేదు."

"ఉంది కదక్కా," విరా చిన్నగా నవ్వాడు. "మీదే."

జనంలో నవ్వులు. హిల్డా కూడా నవ్వింది. "అది నా తప్పు, ఆమెది కాదు. సాయంత్రం వచ్చి చూడండి."

గారే లేచి, తాళాలు తనకొద్దన్నాడు. బ్యాటరీ విప్పితే మళ్ళీ బిగించడం తనకు రాదనీ, లేవియా వదిన నేర్పితే నేర్చుకుంటాననీ చెప్పాడు. దాంతో విరా తాళాలు లేవియా దగ్గరే ఉండాలని తేల్చేశాడు.

ఆ మధ్యాహ్నమే టారీ అటక మీది పలక దించాడు. లేవియా కప్పెక్కి, పగలంతా ఎండ తగిలేలా దాన్ని అక్కడ సూర్యుడు నడిచే ఉత్తరం వైపు వంచి బిగించింది. హిల్డా కింద నిలబడి, తీగ వంకర పోతోందని ఒకసారి, మేకు ఇంకాస్త ఎడంగా కొట్టమని ఒకసారి సలహాలిచ్చింది. చీకటి పడేవేళ జసింత మీట నొక్కింది. వరండా అంతా తెల్లగా వెలిగింది. హిల్డా బల్బు దగ్గరికి చేయి పోనిచ్చి భయంగా ముట్టుకుంది.

"ఇది కాలడం లేదేం?"

"ఎల్‌ఈడీ బల్బు అత్తయ్యా. పాత బల్బుల్లా కరెంటును వేడి కింద పోగొట్టదు. అందుకే ఇంత చిన్న పలకతో తెల్లవార్లూ వెలుగుతుంది."

హిల్డా ఆ మాటను ఇంకొకరికి చెప్పడానికి వీలుగా మనసులో పెట్టుకుంది. కాసేపటికి వెవీన్ వచ్చింది, విరా వచ్చాడు. వచ్చిన వాళ్ళందరిచేతా బల్బు మీద చేయి పెట్టించి, కాలుతోందా అని అడిగి, ఎందుకు కాలదో తనే చెప్పింది.

పది పన్నెండు రోజులకు, అవతలి తీరం ఊరి నుంచి ముగ్గురు ఆడవాళ్ళు పడవలో వచ్చారు. దీపాలు బిగించే మనిషి ఇల్లు ఇదేనా అని అడిగారు.

"ఇదే. నా కోడలే," అంది హిల్డా. వాళ్ళను వరండాలో కొత్త చాప మీద కూర్చోబెట్టి, కొబ్బరినీళ్ళు ఇచ్చి, తోటలో ఉన్న లేవియాకు కబురు పంపింది. లేవియా వచ్చేలోపు వాళ్ళకు సగం పాఠం చెప్పేసింది.

వాళ్ళు సంగతి చెప్పారు. తమ ఊరికీ పలకలు వచ్చాయనీ, బిగించేవాళ్ళు లేరనీ, ఒక నెల వచ్చి ఉండగలదా అనీ అడిగారు. లేవియా ముఖం వెలిగింది. ఒప్పుకోబోయిన మాట పెదవుల దాకా వచ్చి ఆగింది. ఆమె వాళ్ళ వైపు చూడడం మాని, అత్త వైపు తిరిగింది.

"వెళ్ళనా అత్తయ్యా?"

హిల్డా ఆ ముగ్గురికీ కన్నీళ్ళు కనిపించకుండా ముఖం తిప్పుకుని, గౌను చేతి అంచుతో కళ్ళు ఒత్తుకుంది. జసింతను ఎత్తి చంకన వేసుకుంది. ఆ తర్వాత, తీరం దాకా వినపడాలన్నట్టు గట్టిగా, తీరిగ్గా ఆ మాట అంది.

"వెళ్ళిరా తల్లీ."