ఏసీ మేస్త్రీ కూతురు

తెల్లారి చాయ్ తాగుతూనే మౌలాలి మేస్త్రీ లోకంతో తగువు మొదలెట్టాడు. ముప్పై ఏళ్లుగా ఊళ్లో ఈ చివర వన్‌టౌన్ నుంచి ఆ చివర కూర్మన్నపాలెం దాకా ఏసీలకు గ్యాసు పట్టిన చెయ్యి ఆయనది. ఇప్పుడేమో ఆ పాత గ్యాసు పైన ఓజోన్ పొరని తినేస్తోందట, కొత్త మిషన్లలో వేరే గ్యాసట! ఏ ఆఫీసరో చెబితే సర్దుకునేవాడే. చెప్పింది ఐటీఐలో ఏసీ పని నేర్చుకొచ్చిన సొంత కూతురు ఫాయిజా. అక్కడే ఒళ్లు మండింది.

"ఆకాశానికి సిల్లెట్టానంట నాను," అని భార్య గులాబ్ బీ దగ్గర వాపోయాడు.

"మన వంటింటి రేకుకున్న సిల్లే మూడేళ్లుగా మూయనేదు మీరు. ఆకాశం దాకా ఎప్పుడెల్లారు?" అందావిడ.

ఫాయిజా కోరిక ఒక్కటే, తండ్రితో పనికెళ్లి తన చేత్తో మిషను బాగుచెయ్యడం. ఆడపిల్ల నిచ్చెనెక్కితే నలుగురూ నవ్వుతారని ఆయన ఏడాదిగా ససేమిరా అంటున్నాడు. ఆవేళ గులాబ్ బీ, పిల్లని తీసుకెళ్లకపోతే మధ్యాహ్నం క్యారేజీ ఉండదని తేల్చేసింది. చేపల పులుసు ముందు పౌరుషం ఎంతసేపు నిలుస్తుంది? వచ్చి చూడు, చెయ్యి మాత్రం పెట్టకు అన్నాడు.

కూర్మన్నపాలెంలో తాయారు గారి కొత్త ఏసీ చల్లబడడం లేదు. మౌలాలి గాలికి మంట ఊగకుండా కిటికీలు మూయించి, లీకు చూసే చిన్న దీపం తీశాడు. పాత గ్యాసు కారుతుంటే దాని మంట పచ్చగా మారుతుంది. అలవాటు చొప్పున అగ్గిపుల్ల తీసేసరికి ఫాయిజా ఆయన మణికట్టు పట్టుకుంది.

"అబ్బా," అని తండ్రిని పిలిచి అంది, "ఒగ్గేయండి. దీన్లో ఉన్నది వంటగేసు లాటిది. నిప్పు తగిల్తే గదంతా అంటుకుంటాది."

"ముప్పై ఏళ్ల సర్వీసోడికి సెప్తన్నావేటి?"

"సెప్తన్నాను. మీకేటన్నా అయితే మాకెవలున్నారు?"

ఏసీ మీదే హెచ్చరికగా మంట బొమ్మ వేసి ఉంది. ముసలివాడనుకుంటారని ఆయన కళ్లజోడు ఇంట్లోనే వదిలేసి వచ్చాడాయె! తాయారు గారు అప్పటికే చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి వెళ్లిపోయి, అక్కణ్ణుంచే క్షేమసమాచారాలు అడుగుతున్నారు.

మౌలాలి చేతిలోంచి అగ్గిపుల్ల జారిపోయింది. పరువు సంగతి సరే, తన పిల్ల కూడా ఆ గదిలోనే ఉందన్న మాట అప్పుడు తట్టింది. దీపం పక్కన పెట్టేసి, మిషను ముందునుంచి తప్పుకున్నాడు.

ఫాయిజా మెయిన్ కట్టేసి, కిటికీలు బార్లా తెరిచింది. సబ్బునురగ రాసి, బుడగలొచ్చిన జాయింటు పట్టుకుంది. మిగిలిన గ్యాసు బయటికి వదిలి, జాయింటు సరిచేసి, తను తెచ్చుకున్న కొత్త గ్యాసు తూకం వేసి పట్టింది. చెయ్యి పెట్టకన్న మాట ఎవరికీ గుర్తు రాలేదు. రెండు గంటలకి గది చల్లబడింది, తాయారు గారు ఇంట్లోకొచ్చారు.

పని చేసినవాళ్ల పేరు మిషను మీద రాయడం మేస్త్రీల ఆనవాయితీ. మౌలాలి జేబులోంచి మార్కరు తీసి, తేదీ వేసి, కింద "ఫాయిజా" అని రాశాడు. కళ్లలో నీళ్లు నిండి అక్షరాలు వంకర్లు పోయాయి.

"మరి మీ పేరో, అబ్బా?" అంది ఫాయిజా.

"నాదెందుకమ్మా? నన్నెవలన్నా అడిగితే, ఫాయిజా మేస్త్రీ తండ్రినని సెప్తాను."