దొంగ నాటిన చేమమొక్కలు

శనివారం ఉదయం ఆరున్నర. మోయెలాగి చేలో నూట యాభై చేమదుంపలు మాయం.

సాయంత్రం నాలుగింటికి అవి హోటల్లో ఉండాలి. ఇదే మొదటి లోడు. తప్పితే హోటల్ మళ్లీ విదేశాల నుంచి కంటెయినర్లలో వచ్చే దుంపలకే పోతుంది. అరటి తోట కొట్టేసి మరీ చేమ వేసిన మోయెలాగికి కాలు ఒకచోట నిలవడం లేదు. సరుకు ఎలా ఇవ్వాలో నేర్పే హోటల్ ట్రైనింగ్‌కి ఆమె రెండు రోజులు వెళ్లొచ్చేసరికి ఇదీ సంగతి!

పోలీసు సార్జెంట్ ఎసెటా ముందు పక్కచేను ఫిలిపోని పట్టుకుంది.

"నిన్నంతా ఎక్కడున్నావు?"

"పట్నంలో, అపియా మార్కెట్లో. క్యాబేజీ అమ్ముకుంటున్నా."

"హోటల్ వాళ్లు నిన్ను కాదని మోయెలాగితో బేరం కుదుర్చుకున్నారని కడుపుమంట లేదూ?"

"ఎందుకు లేదు? ఉంటే దొంగనైపోతానా?"

హోటల్ కొనుగోళ్ల మేనేజర్ క్రెగ్ ఫోన్లోనే అరిచాడు. "మెనూలో ఊరి చేమ అని అచ్చు వేయించానమ్మా! దుంపలు రాకపోతే నా ఉద్యోగానికే ఎసరు."

మధ్యాహ్నం రెండూ పది. ఎసెటా చేలోకి దిగి, ఆకులు నరికేసి ఉన్న ఒక మొక్క పీకింది. అడుగున దుంప లేదు. కోసిన తల మాత్రమే మట్టిలో గుచ్చి ఉంది. పక్క గుంతా అంతే. అన్నీ అంతే.

ఆమె తిన్నగా ఇంటికెళ్లి మోయెలాగి తండ్రి ఆపెలు ఎదుట కూర్చుంది.

"దుంప కోశాక తల మళ్లీ నాటడం మనందరికీ అలవాటే, పెద్దాయనా. కానీ దొంగ నాటడు. వచ్చే ఏడు ఇక్కడే తవ్వుకునేవాడు నాటుతాడు. పట్టపగలు తవ్వినా ఎవరూ అడగని మనిషి."

"నాన్నా!" వెంట వచ్చిన మోయెలాగి తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

"వంటపాకలో ఉన్నాయి, పో," అన్నాడు ఆపెలు. "మంచివన్నీ టూరిస్టులకని అట్టేపెట్టి, మనకి గోలీకాయలంత దుంపలా? పోయిన ఆదివారం భోజనానికొచ్చిన పాస్టర్‌కి చేమ పెట్టకుండా బియ్యం వండి పెట్టావు. తల ఎక్కడ పెట్టుకోను?"

"నాతో చెప్పొచ్చుగా?"

"నువ్వు ఇంట్లో ఉంటేగా!"

మోయెలాగికి కోపం, సిగ్గు ఒక్కసారే ముంచుకొచ్చాయి. వంటపాకలోకి వెళ్లి అన్నిటికంటే పెద్దవి పది ఏరి తండ్రి ముందు పెట్టింది. ఫోన్ తీసింది.

"క్రెగ్, నూట నలభయ్యే వస్తాయి. ప్రతి వారం పది మా ఇంటికి. ఇష్టమైతే తీసుకో."



"సరే. నాలుగు దాటితే మాత్రం గేటు తియ్యను."

టైము మూడూ పది. మోయెలాగి వెనక్కి తిరిగేసరికి ఆపెలు అప్పటికే దుంపల బస్తా భుజానికెత్తుకుని వాకిట్లో ఆగిన లారీ వైపు పరుగెడుతున్నాడు.