పై అంతస్తులో క్వాన్సా గారి సంతకం

సెకొండి రేవు దారిలో పాత బ్యాంకుంది చూశారూ, పొద్దుగూకాక దాని పై అంతస్తుకి ఎవరూ వెళ్లరు. పొద్దుగూకాక ఏంటి, మిట్టమధ్యాహ్నం కూడా వెళ్లరు! కావలసిన ఫైలు పైనుందనుకోండి... దొరకలేదని రాసేసుకుంటారు గానీ మెట్లెక్కరు. ఎవరో కుర్చీ జరుపుతారట. ఎవరో గొంతు సవరించుకుంటారట. ఓసారి బల్ల తుడవడానికి వెళ్లినామె చీపురక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది, మళ్లీ పనికే రాలేదు.

నేను ఆ గేటు ముందు ఇరవై రెండేళ్లుగా మొక్కజొన్న పిండి పులియబెట్టి ఉడికించిన కెంకీ ఉండలు, వేయించిన చేపలు అమ్ముతున్నాను. అరబా అంటే రేవంతా తెలుసు. దెయ్యాలకి భయపడే మనిషిని కాదు. అయినా ఆ పై కిటికీ వైపు మాత్రం చూసేదాన్ని కాదు. ఎందుకొచ్చిన గొడవ!

కిందటేడు కాలేజీ సెలవుల్లో సెఫాకోర్ అనే పిల్ల వచ్చింది. తూర్పున ఎక్కడో హో అనే ఊరు, ఎవే భాష వాళ్ల పిల్ల. రెండు నెలలు బ్యాంకులో పని నేర్చుకోవాలి. వారం వారం తన లాగ్‌బుక్‌లో పై అధికారి సంతకం పడాలి. ఎనిమిది వారాలు, ఎనిమిది సంతకాలు. ఒక్కటి తగ్గినా ఆ ఏడు మళ్లీ చదవాల్సిందే. వాళ్లమ్మకి ఇంకో ఏడు ఫీజు కట్టే శక్తి లేదు. ఈ సంగతి మొదటిరోజే, నాకొచ్చిన కాస్త ఇంగ్లీషులో, నాతో చెప్పుకుంది, పాపం. ఇంకెవరితో చెప్పుకుంటుంది?

లోపల అందరూ మా ఫాంటీ భాషలోనే మాట్లాడుకుంటారు. దానికి ఒక్క ముక్క రాదు. నవ్వితే ఎందుకు నవ్వారో తెలీదు. అసలే నోట్లో నాలుక లేని పిల్ల. "పైకెళ్లి కూర్చో, ఎవరో ఒకరొచ్చి పని చెబుతారు" అని ఒకడు తోలేశాడు. దెయ్యం సంగతి దానికి చెప్పనేలేదు, దొంగ సచ్చినోడు! పైగా కింద పందెం కూడా కాశారట, ఎన్నిరోజులకి పరుగెత్తుకొస్తుందోనని.

అది పరుగెత్తుకు రాలేదు.

మధ్యాహ్నం భోజనానికి ఒక్కతే వచ్చి, నా బల్ల చివర కూర్చుని తినేది. మూడోవారంలో అనుకుంటా... "ఆంటీ, ఇంకో ఉండ కట్టండి. మా సార్‌కి" అంది.

"ఓహో, సార్లని మంచి చేసుకుంటున్నావే!" అన్నాను.

అది సిగ్గుపడి నవ్వింది. నవ్వడం అదే మొదలు. కింద ఎవరో సార్ అయ్యుంటాడులే అనుకున్నాను. నా బుద్ధికి తట్టలేదు.

చివరి శుక్రవారం. ఆరున్నరకే చీకటి పడిపోయింది, పైగా కరెంటు పోయింది. జనరేటరు మొరాయించింది. సిబ్బంది అంతా వెళ్లిపోయారు. లోపల మేనేజరు బైనీ మేడమ్, గుమ్మం దగ్గర కాపలా ఇసాకు, లాగ్‌బుక్ పట్టుకుని ఈ పిల్ల... అంతే. నేను గేటు బయట లాంతరు వెలిగించుకుని గిన్నెలు సర్దుకుంటున్నాను. లోపల జరిగింది తర్వాత వాళ్లు చెప్పగా విన్నదే.

చివరి పేజీలో మేనేజరు ముద్ర కావాలి. మేడమ్ ఫోను లైటు వేసి పుస్తకం తిప్పింది. ఒక పేజీ... రెండో పేజీ... చెయ్యి ఆగిపోయింది.

"ఎవరు పెట్టారివి?"

"క్వాన్సా సార్, మేడమ్. పైన."

"ఏ క్వాన్సా?"

"బట్టతల... మోచేతులకి నల్ల తొడుగులు వేసుకుంటారు. పాత సంతకాల కార్డులన్నీ నాచేత సరిచూయించారు. దొంగ సంతకం ఎలా పట్టుకోవాలో నేర్పారు."

మేడమ్ లైటు ఆ సంతకం దగ్గరకి దించి చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "పిల్లా... ఆయన పోయి పదకొండేళ్లయింది" అంది.

నేనూ నల్లబట్ట కట్టుకుని ఆయన అంత్యక్రియలకి వెళ్లినదాన్నే! బ్యాంకు మొత్తం బస్సు కట్టించుకుని వెళ్లింది. తిన్నారు, తాగారు, బ్యాండుకి చిందులేశారు.

"చచ్చిపోయినాయన సంతకం పెట్టుకొచ్చావా? ఎవరి దగ్గర నేర్చావే ఈ విద్య? దొంగ సంతకమంటే జైలు, తెలుసా! మీ కాలేజీకి ఇప్పుడే ఉత్తరం రాస్తాను!" అని మేడమ్ విరుచుకుపడింది.

ఆ పిల్లకి పై ప్రాణాలు పైనే పోయాయి. మోకాళ్ల మీద పడిపోయింది. "నేను పెట్టలేదు మేడమ్... మా అమ్మ మీద ఒట్టు..."

మేడమ్ బీరువా తీసి అధికారుల సంతకాల రిజిస్టరు బయటికి లాగింది. బ్యాంకులో ఎవరి సంతకం చెల్లుతుందో అందులో ఉంటుంది. మనిషి ఉద్యోగం మానినా, పోయినా ఆ పేరు మీద ఎర్రగీత కొట్టి తేదీ వేయాలి. క్వాన్సా పేజీ తీసింది. లాగ్‌బుక్ పక్కన పెట్టింది.

"మేడమ్..." పిల్ల ఏడుస్తూనే గుసగుసగా అంది. "అక్షరాలు చూడకండి. కలం ఎక్కడ లేచిందో చూడండి."

బైనీ మేడమ్ ఒళ్లు జలదరించింది. ముప్పై ఏళ్ల కింద తను కొత్తగా చేరినప్పుడు, ఆ పై గదిలో, ఆయన తనకి చెప్పిన మాటే అది. పొల్లు పోకుండా అదే.

చూసింది. ఇంటిపేరు మధ్యలో ఒకచోట కలం లేచి, మళ్లీ ఆనింది. రిజిస్టరులో అక్కడే. లాగ్‌బుక్‌లో ఎనిమిదిచోట్లా అక్కడే... ఇంకొకడు గీస్తే ఆ చోట చెయ్యి వణుకుతుంది. ఇది వణకలేదు.

అప్పుడు ఇంకోటి కనపడింది. ఆ పేరు మీద ఎర్రగీతే లేదు. అంత్యక్రియల హడావుడిలో నువ్వు కొడతావని నేను, నేను కొడతానని నువ్వు — ఎవరూ కొట్టలేదు. పదకొండేళ్లుగా ఆయన ఉద్యోగంలోనే ఉన్నాడు. వెళ్లమని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చుంది. కాసేపటికి పిల్లని లేపి, పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ బ్యాంకులో సెఫాకోర్‌కి ఎవరైనా కుర్చీ చూపించడం అదే మొదటిసారి.

"చూడమ్మా. ఆయన పోయిన తేదీ వేసి గీత కొడితే నీ ఎనిమిది వారాలూ చెల్లవు. కొట్టకుండా వదిలేస్తే, రేపు మీ కాలేజీవాళ్లు ఫోన్ చేసి ఆయన్ని పిలవమంటారు, నేనెక్కణ్నుంచి తేను? ఒకటే దారి. ఇవాళ్టి తేదీ వేస్తాను. ఇవాళ్టి వరకు పనిచేశారు, ఇవాళ వెళ్లిపోయారు. అంతకుముందు పెట్టినవన్నీ నిలుస్తాయి. కానీ..." మేడమ్ మెట్లవైపు చూసింది. "వేయమంటావా?"

ఆ పిల్లా మెట్లవైపు చూసింది. 

"వేయండి మేడమ్" అంది. లాగ్‌బుక్ మేడమ్ ముందుకి జరిపింది.

ఎర్రకలం సర్రున గీసింది. తేదీ పడింది. లాగ్‌బుక్ మీద ముద్ర దబ్బుమంది.

పైన... కుర్చీ జరిగింది.

అడుగులు. తొందర లేదు. ఒక్కో మెట్టూ దిగుతూ... కిందికి... హాల్లోకి... పిల్ల కూర్చున్న కుర్చీ వెనక వచ్చి ఆగాయి. మేడమ్ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. పిల్ల మాత్రం తలెత్తింది. ఎవరూ లేరు.

అడుగులు మళ్లీ కదిలాయి. గుమ్మం దగ్గర కునుకు తీస్తున్న ఇసాకు దిగ్గున లేచి, "గుడ్ నైట్ సార్" అని సెల్యూట్ కొట్టాడు. కొట్టాక చూస్తే ఎదురుగా ఉత్త చీకటి. వాడు మూడురోజులు జ్వరంతో పడుకున్నాడు.

నాకా? గేటు కిర్రుమంది. బేరమేమో అనుకుని, తల ఎత్తకుండానే "ఎన్ని ఉండలు కట్టమంటారు?" అన్నాను.  ఎత్తి చూస్తే గేటు దానంతటదే మూసుకుంటోంది.  దెయ్యాలకి భయపడనన్నానా? ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కాసేపటికి ఆ పిల్ల బయటికొచ్చింది. లాగ్‌బుక్ గుండెకి హత్తుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఊరుకోవే పిచ్చిపిల్లా! ముద్ర పడిందిగా? గండం గడిచిందిగా? భయపడ్డావా?" అని దగ్గరికి తీసుకున్నాను.

"భయం కాదు ఆంటీ." రేవు వైపు చీకట్లోకి చూస్తూ అంది. "ఈ రెండు నెలల్లో లోపల నాతో మాట్లాడింది ఆయనొక్కరే... ఆయన్ని కూడా నేనే పంపించేశాను."