ఎద మూయకముందు

వాకిట్లో పీట వేసుకుని రొయ్యలు వలుస్తోంది వనజాక్షి. సరస్సు మీంచి వచ్చే గాలికి దండెం మీద ఆరేసిన వల ఊగుతోంది. లోపల అత్త మస్తానమ్మ, తోడికోడలు సెల్వి కలిసి పిల్లవాడి బట్టలు సంచిలో సర్దుతున్నారు. సెల్వి కొడుకు సుకుమార్ పుట్టినప్పటినుంచీ ఆ ఇల్లంతా వాడి చుట్టూనే తిరుగుతోంది. వాడు గట్టిగా ఏడవకూడదు. ఏడిస్తే పెదాలు, గోళ్ళు నేరేడుపండు రంగుకు తిరుగుతాయి. గుండెలో రంధ్రం ఉందనీ, ఊపిరితిత్తులకు రక్తం పోయే దారి ఇరుకుగా ఉందనీ మద్రాసు డాక్టర్లు చెప్పారు. రేపే ఆపరేషన్.

"వనజా, చేతులు కడుక్కోని నువ్వూ బయల్దేరు," అంది మస్తానమ్మ గడపలోకి వచ్చి.

"నేనెందుకత్తా?"

"సెల్వి ఒక్కతే ఎట్టా తట్టుకుంటాది? దాని మొగుడు చిన్నబాబు రక్తానికీ, మందులకీ తిరగతా ఉంటాడు. నేనూ వస్తా గానీ, నాకా మోకాళ్ళు ఆడవు."

"ఇంటికాడ ఆయనకి వండేదెవురు?"

"గంగులయ్యకి చేతుల్లేవా? నా పెద్దకొడుకు గంజి కాచుకోలేనంత పసిబిడ్డేం కాదులే, పద."

వనజాక్షి లేచింది. రొయ్యల గిన్నె ఎత్తి లోపల పెట్టింది, కాస్త చప్పుడయ్యేలాగే పెట్టింది.

ఆమెకూ ఒక బిడ్డ పుట్టింది. పొన్ని. పాలు తాగుతూ తాగుతూ ఆగిపోయేది, చెమట పట్టేది, ఏడిస్తే నల్లబడేది. తల్లి పాలు పడలేదన్నారు. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టారు, పొగ వేశారు. ఒకనాటి ఉదయం ఒళ్ళోనే చల్లబడిపోయింది. ఆ తర్వాత వనజాక్షికి కడుపు పండలేదు. "చేదుపాలమ్మా, పిల్లకి ఇమడలా" అని మస్తానమ్మ ఎవరితోనో అన్న మాట మాత్రం ఆమె చెవుల్లో ఉండిపోయింది. పొన్ని పేరు మళ్ళీ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

తడ స్టేషను దాకా ఆటోలో, అక్కడినుంచి రైల్లో వెళ్ళారు. కిటికీ పక్క సీటు సెల్వికి. ఎండ తగలకుండా పైట అడ్డం పట్టింది మస్తానమ్మ. దారిలో ఎక్కినవాళ్ళందరికీ వీళ్ళ సంగతి చెప్పి, వాడికోసం మొక్కుకోమంది. ఎదురుగా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న వనజాక్షి అదంతా చూస్తూ ఉంది. వీడికి రైలు, వీడికి మద్రాసు, వీడికి ఇంతమంది జనం. నా పొన్నికి తడ దాకా పోను ఆటో కూడా కుదర్లేదు. మగబిడ్డ కదా మరి, అనుకుంది.

ఆసుపత్రిలో వాళ్ళతో మాట్లాడిన డాక్టరు పేరు కెజియా. నెల్లూరామె. తెలుగు వినగానే సెల్వి కంటే ముందు మస్తానమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"కోసే సారు వేరేమ్మా. నేను చూసేదాన్ని," అంది కెజియా. "బిడ్డ నిద్రలో ఉండగా నోట్లోంచి సన్నటి గొట్టం దించుతాం. అది సరిగ్గా గుండె వెనక్కి పోయి నిలబడతాది. కడుపుతో ఉన్నప్పుడు స్కానింగ్ తీస్తారు చూడు, అట్టాంటిదే. గుండె ఆడేది, రక్తం పోయేది అంతా తెర మీద కనిపిస్తాది. రంధ్రం మూసినాక, ఎద కుట్టకముందే సరిగా పడిందా లేదా చూసి చెప్తాను."

"ఇంత పసిబిడ్డ గొంతులోకా?" సెల్వి కళ్ళనిండా నీళ్ళు.

"బిడ్డకి తగ్గ గొట్టమే ఉంటాదమ్మా."

వెనక నిలబడ్డ వనజాక్షికి ఒళ్ళు మండింది. వీడి గుండెను వెనకనుంచి కూడా చూస్తారట. పొన్ని గుండె మీద ఎవరైనా చెవి పెట్టి విన్నారా?

మర్నాడు ఉదయమే వాణ్ణి లోపలికి తీసుకుపోయారు. థియేటర్ బయట వరండాలో ఆడవాళ్ళు ముగ్గురూ బెంచీల మీద కూర్చున్నారు. సెల్వి పిల్లవాడి టోపీ రెండు చేతుల్లో పట్టుకుని తలుపు వైపే చూస్తోంది. చిన్నబాబు గోడకానుకుని నిలబడ్డాడు. కాలం కదలడం లేదు. అప్పుడు వనజాక్షి మనసులో ఒక మాట పుట్టింది: 'వీడు మాత్రం ఎందుకు బతకాలి?'

ఆ మాటకు ఆమే బెదిరిపోయింది. లేచి కుళాయి దగ్గరకు పోయి మొహం మీద నీళ్ళు కొట్టుకుంది. తిరిగొచ్చేసరికి తలుపు తీసుకుని కెజియా బయటికొచ్చింది. ముఖానికి మాస్కు ఇంకా అలాగే ఉంది.

"అయిపోయిందా మేడమ్?" చిన్నబాబు ముందుకు ఉరికాడు.

"ఇంకా లేదు. ఇరుకు దారి వెడల్పు చేసి, రంధ్రానికి అతుకు వేసినారు. గుండెను మళ్ళీ ఆడించి చూస్తే అతుకు అంచున రక్తం కారతా కనిపించింది. వదిలేసేంత చిన్నది కాదు. అందుకే సారు మళ్ళీ గుండెకి బదులు పనిచేసే మిషను మీద పెట్టి ఆ అంచు కుడతా ఉండారు. మీకు చెప్పి పోదామని వచ్చినా."

"మళ్ళీ గుండె ఆపుతారా?" సెల్వి లేచి నిలబడింది.

"ఇప్పుడు కనపడబట్టి మేలైందమ్మా. ఎద మూసినాక బయటపడుంటే బిడ్డకి చాలా కష్టమయ్యేది." అంతే, ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

సెల్వి మూసుకున్న తలుపునే చూసింది. తర్వాత మెల్లగా వనజాక్షి వైపు తిరిగింది.

"నీకు సంతోషమేనా అక్కా?"

"ఏంది సెల్వీ ఆ మాట?"

"నాకు తెలవదనుకున్నావా? వాణ్ణి ఎత్తుకున్నప్పుడు కూడా నీ కళ్ళల్లో ఏడుపే. ఒక్కసారన్నా ముద్దు పెట్టుకున్నావా నా బిడ్డని? నీ కళ్ళే తగిలినాయి వాడికి!"

"సెల్వీ!" అని వారించబోయాడు చిన్నబాబు.

"చెప్పనీ మరిదీ," అంది వనజాక్షి. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఏడుపే నాకు. ఎందుకుండదు? నా బిడ్డ కూడా ఇట్టాగే నల్లబడింది. అప్పుడు ఈ ఇంట్లో ఎవురు పరిగెత్తినారు? తాయెత్తు కట్టినారు. నా పాలే విషమన్నారు. ఆడబిడ్డని వదిలేసినారు, మగబిడ్డని గుండెలకి హత్తుకోని మద్రాసు తెచ్చినారు. కళ్ళు తగలకుండా ఎట్టుంటాయి!"

వరండాలో వాళ్ళందరూ తిరిగి చూశారు. మస్తానమ్మ మాత్రం నేల చూస్తూ ఉండిపోయింది. కొంగు అంచు వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"మగబిడ్డని కాదు వనజా," అంది చివరికి. "వాడికి తొలిసారి నీళ్ళు పోసేటప్పుడు ఏడ్చినాడు. పెదాలు చూసినా. అచ్చం పొన్ని పెదాలే. నాకు కాళ్ళు చేతులు ఆడలా. ఎవురెన్ని చెప్పినా తాయెత్తు జోలికి పోలా, ఆ పూటే సూళ్ళూరుపేట డాక్టరు కాడికి పట్టుకపోయినా. అప్పుడు పొన్నికి తెలవక అట్టా చేసినా. ఆ బిడ్డని పోగొట్టుకోబట్టే ఈ బిడ్డ సంగతి నాకు తెలిసింది."

వనజాక్షి అత్త వైపు తిరిగింది. ఇన్నేళ్ళ తర్వాత అత్త నోట ఆ పేరు. అత్త మరిచిపోయిందనే అనుకుంది. అందరూ మరిచిపోయారనీ, తనొక్కతే మోస్తోందనీ అనుకుంది. వనజాక్షి, సెల్వి పక్కనే బెంచీ మీద కూలబడి, మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. లోపలి బిడ్డకోసం మొదటిసారి మొక్కుకుంది కూడా. 'తల్లీ, వాణ్ణి ఇచ్చెయ్యి.'

చాలాసేపటికి కెజియా మళ్ళీ వచ్చింది. ఈసారి మాస్కు తీసేసి ఉంది.

"ఇప్పుడు చూసినాను. చుక్క కూడా కారడం లేదు. గుండె బాగా ఆడతా ఉంది, ఎద మూస్తా ఉండారు. రెండు మూడు రోజులు జాగ్రత్తగా చూడాల."

చిన్నబాబు గోడకి తిరిగి ఏడ్చాడు. సెల్వి చేతులెత్తి దణ్ణం పెట్టింది. కెజియా వెళ్ళబోతుంటే వనజాక్షి ఆమెకు అడ్డం వచ్చింది.

"మేడమ్, ఒక మాట. నాకో బిడ్డ ఉండేది. ఇట్టాగే నల్లబడేది, పాలు తాగలేకపోయేది. నా పాల వల్లే పోయిందన్నారు. అట్టా అవుతాదా?"

కెజియా ఆమె వైపు పూర్తిగా తిరిగింది. "చూడకుండా ఇదే జబ్బని నేను చెప్పలేనమ్మా. నువ్వు చెప్పేదాన్ని బట్టి గుండెలోనే ఏదో లోపం ఉండుంటాది. తల్లి పాలకి బిడ్డ అట్టా నల్లబడదు. నువ్వు చేసిందేమీ లేదు."

వనజాక్షి తల ఊపింది. ఊపుతూనే ఉంది. డాక్టరు వెళ్ళిపోయాక కూడా.

ఆమె బెంచీ మీదికి చేరగానే సెల్వి వచ్చి పక్కన కూర్చుంది. మామూలుగా అయితే ఇద్దరి మధ్యా ఇంకొకరు పట్టేంత చోటు ఉండేది. ఇప్పుడు భుజానికి భుజం తగిలింది.

"నోరు జారినా అక్కా."

"నిజమే కదా అన్నావు."

తర్వాత సెల్వి అడిగింది, "పొన్ని ఎట్టుండేది అక్కా?"

ఆ మాట ఇన్నేళ్ళలో ఎవరూ ఆమెను అడగలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో వనజాక్షికి తెలియలేదు.

"జుట్టు ఒత్తుగా ఉండేది," అంది. "నూనె రాస్తుంటే తల అటూ ఇటూ తిప్పేసేది. పడవ ఇంజను చప్పుడు వినిపిస్తే చాలు, వాళ్ళ నాయనొచ్చినాడని కాళ్ళు ఆడించేది. ఎడం చెవి కింద పుట్టుమచ్చ..."

"కుడిచెవి," అంది అటువైపు నుంచి మస్తానమ్మ.

"ఎడమే అత్తా. నేను కన్న బిడ్డ, నాకు తెలవదా?"

"నీళ్ళు పోసింది నేనే. కుడిచెవి కింద, మిరియపు గింజంత."

వనజాక్షి కళ్ళు మూసుకుని బిడ్డను మళ్ళీ ఒళ్ళోకి తెచ్చుకుంది. తల ఎటువైపు, చెయ్యి ఎటువైపు. కన్నీళ్ళు చెంపల మీదుగా కారుతుండగా నవ్వొచ్చింది.

"అవునత్తా," అంది. "కుడిచెవే."