ముక్కలు చేసిన సోఫా

అరవై ఏడేళ్లకు చర్చి వెనక గదిలో అక్షరాలు దిద్దినదాన్ని. తప్పులుంటే మన్నించండి. రాయడం ఆలస్యమే గానీ, కళ్లారా చూసిందే రాస్తున్నాను.

ఆ శనివారం పొద్దున నేను వాళ్లింటికి వెళ్లేసరికి మా వదిన లర్లీన్ పొయ్యి మీద మొక్కజొన్న జావ కలుపుతోంది. ముందుగదిలో ఆమె కొడుకు డెల్బర్ట్, కూతురు రొనెట్టా సోఫాకు తమ పేర్లు రాసిన టేపు ముక్కలు అంటిస్తున్నారు. హికరీ ఊళ్లోని ఫర్నిచర్ కార్ఖానాలో పనిచేసే రోజుల్లో, 1961లో, మా అన్న ఆర్వెల్ చట్రం కోసి, వదిన గుడ్డ కుట్టి చేసుకున్న సోఫా అది. మొత్తం అయిదు ముక్కలు. కొక్కేలు తప్పిస్తే దేనికది విడిపోతుంది. అన్న పోయి అప్పటికి ఆరు వారాలు.

వదిన గరిటెతోనే వచ్చింది. "ఏంట్రా ఇది? నేను కూడా పోయాననుకున్నారా?"

"అవేం మాటలమ్మా! ఇలాంటి పాత సోఫాల కోసం జనం ఎగబడుతున్నారు. మూలది, ఇంకోటి నాకు. మూడు అక్కకి."

"నీకు వెనక్కి వాలే కుర్చీ, కొత్త రిక్లైనర్ కొనిస్తాంలే," అంది రొనెట్టా.

"నీ రిక్లైనర్‌లో నువ్వే కూర్చోవే! నన్నొక్క మాట అడిగారా?"

"ఊడదీయడానికేగా నాన్న దీన్నిలా చేసింది!" డెల్బర్ట్ నవ్వుతూ కొక్కెం తప్పించాడు.

వదిన గరిటె విసిరింది. జావ గోడంతా చిందింది. డెల్బర్ట్‌ను పక్కకు నెట్టి, తనే నాలుగు ముక్కలు లాగి, రెండేసి ఎదురెదురుగా చేర్చింది. మంచమైంది.

"పక్షవాతంతో మెట్లెక్కి పడగ్గదికి పోలేని మీ నాన్నను పదకొండు నెలలు ఇందులో పడుకోబెట్టాను. పక్కనే నేను. లేపాలంటే ఒక ముక్క జరిపి, చంకల కింద చేతులేసి లేపేదాన్ని. ఆ అవస్థ పిల్లలు చూడకూడదన్నాడు. అందుకే ఆదివారం మీరొచ్చేలోపు అంతా గోడకు సర్దేసి, ఆయన్ను దిండ్లేసి కూర్చోబెట్టేదాన్ని. మీరేమో గంట కూర్చుని, 'నాన్న బాగానే ఉన్నాడు' అనుకుంటూ వెళ్లిపోయేవాళ్లు!"

"చెప్పొచ్చుగా అమ్మా..."

"అడగొచ్చుగా!"

రొనెట్టా ఏడుస్తూ టేపులు పీకేసింది. డెల్బర్ట్ తలెత్తకుండా ముక్కల్ని మళ్లీ గోడవైపు జరపబోయాడు.

"అక్కడొద్దురా," అంది వదిన. ఈసారి గొంతులో కోపం లేదు. "అలాగే ఉండనీ. రోజూ రాత్రి ఇలాగే కలుపుకుని, నేనింకా ఇందులోనే పడుకుంటున్నాను."

ఇది రాసింది ఓపల్ హెన్స్‌లీ, డెబ్బై ఎనిమిదేళ్లు. ఇప్పుడుండేది లెనోయిర్ ఊళ్లో, మా చెల్లెలి ఇంట.