ఏనుగు చెవి వెనక పేరు

"ఏనుగులు సుంకం దగ్గర ఆగిపోయాయి అత్తయ్యా" అంది కోడలు, పొద్దున్నే ఫోను చూస్తూ.

పక్కగదిలోంచి మామగారు కంగారుగా వచ్చారు. "శునకం దగ్గరా? ఎన్నింటిని కరిచింది?"

ఆయన మీద ఆయన చెవులు అలిగి చాలా కాలమైంది. ఎవరైనా సరిదిద్దేలోపే చెప్పులేసుకుని, ఆ వార్త ఇరుగుపొరుగుకి పంచడానికి మెట్లు దిగిపోయారు.

అత్తగారు కుట్టు ఆపారు. ఆవిడ కుట్టిన గుడ్డ ఏనుగులు కోడలి ఆన్‌లైన్ దుకాణంలోంచి సముద్రాలు దాటుతాయి. పేరు తెలియని ఊళ్లలో, భాష తెలియని పిల్లల నిద్రల్లోకి అవి మెల్లగా నడిచి వెళ్తున్నట్టు ఆవిడకు తరచూ అనిపించేది. ఇప్పుడవి ఏ రేవులోనో, పెట్టెలో, తొండాలు ముడుచుకుని కూర్చున్నాయి కాబోలు.

"ఎందుకాపారట?"

"కొత్త నిబంధన. పిల్లల బొమ్మ ఏ దేశంనుంచి వచ్చినా, తయారుచేసిందెవరో చీటీ మీద ఉండాలట. ఏనుగు చెవి వెనక కుట్టే చీటీ మీద నేను నా పేరు రాశాను. దుకాణం పేజీలోనేమో మీరు కుడుతున్న ఫొటో ఉంది. రెండూ కలవలేదంటున్నారు."

"నీ పేరా?" సూది వేలికి గుచ్చుకుంది. "సూదిలో దారం ఎక్కించడం రాదు నీకు. ఏనుగు నాదీ, అంబారీ నీదా?"

"అది కాదత్తయ్యా..."

"ముసలిదాని పేరుంటే అమ్ముడుపోవనుకున్నావు. చెప్పు."

కోడలు ఫోను బోర్లించింది. "చీటీ మీద పేరున్నవాళ్లదే పూచీ. ఏ పాపాయో ఏనుగు కన్ను పీకి మింగితే, వాళ్లు నిలదీసేది ఆ పేరునే. ఆ మాట పడ్డాక మీరు మళ్లీ సూది పట్టుకుంటారా? అదేదో నన్నే అననీ అనుకున్నాను."

ఒళ్లోని ఏనుగుకున్న గుండీ కన్ను తడిగా మెరిసింది. తడి గుండీది కాదని అత్తగారికి కాసేపటికి గాని తెలియలేదు. కత్తెర తీసి ఆ గుండీ తెంపేశారు.

"ఇక ఊడే కళ్లొద్దు, దారంతోనే కుడదాం. ఆ పెట్టె వెనక్కి తెప్పించు, వాటికీ మారుద్దాం. కుట్టింది నేను, అమ్మింది నువ్వు అని రాయి. పిలిస్తే ఇద్దరం పలుకుదాం."

"ముందు నాకు దారం ఎక్కించడం నేర్పండి" అంటూ కోడలు ఆవిడ పక్కన చేరింది.

అంతలో తలుపు తోసుకుని మామగారు, వెనక కర్రలతో ముగ్గురు పొరుగువాళ్లు. "ఏదీ కుక్క?"

"శునకం కాదు మామయ్యా, సుంకం" కోడలు అందరికీ వినపడేలా చెప్పింది. "సరిహద్దులో సరుకు తనిఖీ చేసి పన్ను వేస్తారే, అది."

"పన్ను వేసిందంటే కరిచినట్టేగా" అన్నారాయన.

అందరి నవ్వుల మధ్య ఎప్పుడు ఎక్కిందో, కోడలి చేతిలోని సూదిలోకి దారం ఎక్కింది.