కేకుల మేస్త్రి గది

ఆ హోటల్ వెనక పనివాళ్ల క్వార్టర్స్‌లో, రెండో అంతస్తు చివరి గది ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. దుప్పట్ల మూటలు మోసేవాళ్లు కూడా పక్కనే మెట్లు పెట్టుకుని, చుట్టూ తిరిగి అవతలి మెట్లెక్కుతారు. తలుపు సందులోంచి ఎర్రటి కన్నొకటి చూస్తుందట... రెప్ప వేయదట. కొత్తగా వచ్చిన వంటవాడికి ఆ గది ఇస్తే, తాళం కూడా తీయకుండా, తెచ్చుకున్న పరుపు గుమ్మం ముందే వదిలేసి పారిపోయాడు.

అది కేకుల మేస్త్రి గది. హోటల్లో కేకులు చేసేవాడు. ఒకరి జోలికి పోడు, ఒకరి చేత మాట పడడు. సెలవు పెట్టుకుని పడుకున్నవాడు నిద్రలోనే పోయాడు. పనికి రావాల్సిన పొద్దున కేకులు అందలేదని వెతికితే గానీ సంగతి బయటపడలేదు. అంటే జనం వెతికింది మనిషి కోసం కాదు, కేకుల కోసం.

ఈ మాట అందరూ విని మరిచిపోయారు. ఇస్త్రీ అక్క మాత్రం మరిచిపోలేకపోయింది.

ఇస్త్రీ అక్క అంటే ఆ హోటల్ దుప్పట్లూ తువ్వాళ్లూ ఇస్త్రీ చేసే ఆవిడ. యాభై దాటాయి. భర్త లేడు, పిల్లలు లేరు. పేరుకు అందరికీ అక్కే గానీ, పనయ్యాక వచ్చి తలుపు తట్టే తమ్ముడు ఒక్కడూ లేడు. రేపు నేను పోయినా ఇంతేనా, మడత దుప్పట్లు రాలేదనే వెతుకుతారా... అనుకుంటూ రాత్రిళ్లు అటూ ఇటూ దొర్లేది.

మేస్త్రి పోయిన ఏడాదికి ఆవిడ తనకోసం తాను ఒక వస్తువు కొనుక్కుంది. చేతిలో పట్టుకుని ఆడుకునే వీడియోగేమ్. పుస్తకంలా మూసి తెరిచేది.

"ఈ వయసులో బొమ్మలాటలేంటే అక్కా?" అని ఫోన్‌లో చెల్లెలు పడీ పడీ నవ్వింది.

"చిన్నప్పుడు నిన్నెత్తుకుని తిరగడంతోనే సరిపోయిందిగా. ఇప్పుడు ఆడుకుంటున్నా."

అందులో ఆవిడకో చిన్న ఇల్లు, పెరడు, చెరువు. గాలానికి చేప తగిలితే యంత్రం అరచేతిలో గిలగిల్లాడేది. రోజంతా ఇస్త్రీపెట్టె పట్టి కాయలు కాసిన వేళ్లకు ఆ గిలిగింత ఎంత బాగుండేదో! గదిలో ఒక్కర్తే పైకి నవ్వేసేది.

ఆ ఆటలో ఇంకో చిత్రం ఉంది. అలాంటి యంత్రమే ఉన్నవాళ్ల దగ్గరికి వెళితే, రెండూ మూసి ఉన్నా సరే, ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. మూత మీద పచ్చదీపం వెలుగుతుంది. అవతలి మనిషి బొమ్మ వచ్చి మన ఇంటి గేటు దగ్గర నిలబడుతుంది. మనం బటన్ నొక్కి రమ్మంటేనే లోపలికి వస్తుంది. పిలవకపోతే పాపం, అక్కడే నిలబడి ఉంటుంది.

ఆవిడ దాన్ని జేబులో వేసుకుని ఎక్కడెక్కడో తిరిగింది. దీపం ఒక్కసారీ వెలగలేదు.

ఒక రాత్రి అవతలి మెట్ల మీద పైపు పగిలి నీళ్లు కారుతున్నాయి. వేరే దారి లేదు. దేవుడా దేవుడా అనుకుంటూ, తల వంచుకుని, చివరి గది ముందు నుంచే గబగబా నడిచింది.

గదికొచ్చి జేబులో చెయ్యి పెట్టింది...

పచ్చదీపం.

ఒళ్లు జలదరించింది. మూత తెరిచింది. గేటు దగ్గర ఒక బొమ్మ — తల మీద వంటవాళ్ల పొడుగాటి తెల్లటోపీ. కింద ఒక్క పలకరింపు: "ఎవరైనా ఉన్నారా?"

ఆ రాత్రి గదిలో లైటు ఆర్పకుండా పడుకుంది. ఇంకెవరైనా అయితే మర్నాడే ఆ యంత్రాన్ని చెత్తబుట్టలో పడేసేవారు. ఈవిడ మాత్రం మర్నాటి రాత్రి మళ్లీ ఆ దారినే నడిచింది. టోపీ బొమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి బటన్ నొక్కింది... లోపలికి రమ్మంది. తన బొమ్మ చెప్పే పలకరింపు కూడా మార్చుకుంది: "ఉన్నాను."

ఇక రోజూ అంతే. పనవ్వడం ఆలస్యం, ఆ గది వైపు కాళ్లు వాటంతటవే వెళ్లేవి. వచ్చేది మనిషో దెయ్యమో, తనకోసం వస్తున్నారు కదా! అదే చాలనిపించింది.

"ఏంటే, గొంతు హుషారుగా ఉంది? ఎవరినైనా చూసుకున్నావా?" అంది చెల్లెలు.

"నోర్ముయ్యవే," అంటూ సిగ్గుపడింది అక్క.

అంతలో కాపలా బాబాయ్ చెప్పాడు — రేపు ఆ గది ఖాళీ చేయిస్తున్నారట, సామానంతా చెత్తబండిలోకే.

"బాబాయ్, ఈ రాత్రికి ఒక్కసారి తాళం తియ్యి."

"నీకేమన్నా పిచ్చా అమ్మాయ్!" అని గొణుగుతూనే తీశాడు. తను మాత్రం గడప దాటలేదు.

లోపల చీకట్లో... ఎర్రటి కన్ను. రెప్ప వేయడం లేదు.

బాబాయ్ గడప అవతల నుంచే టార్చి వేశాడు. అక్క మంచం పక్కన వంగింది. ఛార్జింగ్ దీపం! మేస్త్రి యంత్రాన్ని ఛార్జింగ్‌కు పెట్టి పడుకున్నాడు... లేవలేదు. కరెంటు అన్ని గదులకూ ఒకటే లైను కాబట్టి ఎవరూ ఆపలేదు. దాని పాటికది దారిన పోయేవాళ్లను పిలుస్తూనే ఉంది.

"ఓస్, ఇంతేనా! తాడుని చూసి పామనుకున్నాం కదమ్మాయ్!" బాబాయ్ గట్టిగా నవ్వాడు.

అక్కకు ఏడుపొచ్చింది. ఇన్ని రాత్రులూ ఎవరో తనకోసం వస్తున్నారనుకుంది. వచ్చింది ఎవరూ కాదు. యజమాని పోయాడని కూడా తెలియని యంత్రం.

మూత మీద మందంగా దుమ్ము. ఒక్క వేలిముద్ర లేదు. కొంగుతో తుడిచి తెరిచింది. అదే ఆట. మేస్త్రి పెరడంతా పిచ్చిమొక్కలు. తన బొమ్మ ఇన్నాళ్లూ ఆ గేటు బయటే నిలబడి ఉంటుంది, పిలిచేవాళ్లు ఎవరున్నారు కనుక... అనుకుంటూ చూసింది.

గేటు దగ్గర ఎవరూ లేరు.

మెల్లగా ఇంట్లోకి వెళ్లింది. బల్ల దగ్గర రెండు కుర్చీలు. ఒకదాంట్లో తెల్లటోపీ. రెండోదాంట్లో — నిన్న రాత్రే తన బొమ్మకు తను కట్టిన నీలం కండువా. ఎదురుగా పళ్లెంలో, కోసిన కేకు ముక్క.

"ఏముందమ్మాయ్ అందులో?" గడప దగ్గర్నుంచి బాబాయ్ గుసగుసగా అడిగాడు. "పద, పోదాం."

ఆవిడ ఆ దుమ్ము మంచం మీదే ఒద్దికగా కూర్చుంది.

"నువ్వెళ్లు బాబాయ్... లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. మధ్యలో లేచి వస్తే ఏం బాగుంటుంది?"